దస్తగిరి చెయ్యి పడ్డ చోటు

నాకు బాగా వచ్చిన విద్య ఒకటే, తుప్పు పట్టించడం. పదేళ్లు వానలో తడిస్తే ఇనుముకు వచ్చే తుప్పును నేను ప్లాస్టిక్ ముక్క మీద మూడు రోజుల్లో తెప్పిస్తాను. నా పేరు మురళీకృష్ణ, ప్రొద్దుటూరులో హైస్కూలు డ్రాయింగు మాస్టారిని. బడిలో పిల్లలకు కుండలు, మామిడికాయలు గీయడం నేర్పుతాను. ఇంటికొచ్చాక చిన్న చిన్న లారీలు, జీపులు, ట్రాక్టర్లు చేస్తాను. చేసి, వాటిని పాతవాటిలా మారుస్తాను. ఇంటికి ఎవరొచ్చినా మా ఆవిడ వేదశ్రీ ఒకే మాట చెబుతుంది: "అందరూ పాత సామాను వేసి కొత్తది తెచ్చుకుంటారు. మా ఆయన కొత్తది తెచ్చి పాత సామాను చేస్తాడు."

పద్ధతి చెబితే ఇంతేనా అంటారు. ముందు బండికంతా తుప్పు రంగు పూయాలి. ఆరాక నీళ్లు చిలకరించి, పెచ్చులు లేవాల్సిన చోట రాళ్ల ఉప్పు నలిపి చల్లాలి. దాని మీద అసలు రంగు కొట్టాలి. అది కూడా ఆరాక తడి గుడ్డతో రుద్దితే, ఉప్పు ఉన్నంత మేరా రంగు లేచిపోయి కింది తుప్పు బయటపడుతుంది. చేతికి రబ్బరు తొడుగులు లేకుండా నేను ఏదీ ముట్టుకోను. వేళ్ల జిడ్డు అంటితే రంగు నిలవదు.

ఉప్పు ఎవరైనా చల్లుతారు, ఎక్కడ చల్లాలో తెలియడమే విద్య. "రంగు ఊరికే లేవదు. ప్రతి పెచ్చుకూ ఒక కారణం ఉంటుంది. నీళ్లు నిలిచే చోట తుప్పు, కాలు పెట్టే చోట మెరుపు, చెయ్యి తగిలే చోట అరుగుదల" అని నా వీడియోల్లో ప్రతిసారీ చెబుతాను. పన్నెండు వేలమంది వింటారు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పుడు నాకు నోరు కడుక్కోవాలనిపిస్తుంది.

పోయిన శ్రావణంలో పులివెందుల నుంచి సుధీర్ అనే ఆయన ఫోను చేశాడు. ఎరువుల అంగడి ఉందట. నా వీడియోలు చూశాడట.

"సారు, మా నాయన బస్సు చేసియ్యల్ల మీరు" అన్నాడు.

వాళ్ల నాయన నారాయణరెడ్డి ఇరవై రెండేళ్లు జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా పులివెందులకు ప్రైవేటు బస్సు తిప్పాడు. యజమానీ ఆయనే, డ్రైవరూ ఆయనే. మాఘంలో పోయాడు. సంవత్సరీకం నాటికి ఆ బస్సు బొమ్మ ఇంట్లో పెట్టుకోవాలని కొడుకు కోరిక.

"కొత్తదాని మాదిరి వద్దు సారు. ఆఖర్న ఎట్లుండెనో అట్లనే కావల్ల. మా నాయన చూస్తే, ఇది నా బండే అనల్ల."

ఇంజను ఎప్పుడో అమ్మేశారు. ఒళ్లు మాత్రం జమ్మలమడుగు నుంచి పెద్దముడియం పోయే దారిలో వాళ్ల చేను గట్టున నిలబెట్టారు. లోపల పైపులు, మందు డబ్బాలు పెట్టుకుంటారు. తాళం లేదు, ఎప్పుడైనా వెళ్లి చూసుకోమన్నాడు.

ఆదివారం పొద్దున్నే వెళ్లాను. చేలో ఎవరూ లేరు. నూట నలభై ఫోటోలు తీశాను, కొలతలు రాసుకున్నాను. ఆకుపచ్చ రంగు బస్సు. అద్దాల కింద తుప్పు, చక్రాల పైన తుప్పు, నేను ఊహించిన చోటల్లా ఊహించినట్టే ఉంది. వెనక తలుపు పక్కకు వచ్చేసరికి మాత్రం ఆగిపోయాను.

నిలబడ్డ మనిషి భుజం ఎత్తులో అరచెయ్యంత చోటు. పైన పచ్చ రంగు పోయి పసుపు, పసుపు పోయి ఎర్ర ప్రైమరు, అది కూడా పోయి నడుమ నల్లటి గోధుమరంగు తుప్పు. ఒకదాని లోపల ఒకటి, అంచులన్నీ నున్నగా అరిగి ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా నేను ఉప్పుతో చేయాలని చూసి చేయలేకపోయింది అక్కడుంది. అబద్ధం ఎందుకు, నాకు నోరూరింది. దాని మీద ఏదో నూనె మరక మెరుస్తుంటే చిరాకు కూడా వేసింది. ఏ కూలివాడో జిడ్డు చేతులు తుడిచాడనుకున్నాను.

తొడుగులు వేసుకుని, థిన్నరు గుడ్డతో ఆ జిడ్డు తుడిచేశాను. తర్వాత బ్లేడుతో ఆ చోటు మొత్తం గీకి, పెచ్చులన్నీ, తుప్పంతా ఒక డబ్బీలోకి రాల్చుకున్నాను. రంగులు సరిచూసుకోవడానికి కావాలి, తుప్పు పొడి అసలుదే వాడితే దానికి సాటి లేదు. ఎవరినైనా అడగాలని కూడా తోచలేదు. పాడుబడ్డ బస్సు తుప్పుకు యజమాని ఎవరుంటారు? ప్రతి పెచ్చుకూ కారణం ఉంటుందని ఊరంతా చాటేవాణ్ణి, ఈ పెచ్చుకు కారణమేమిటని అప్పుడు ఒక్కసారైనా అనుకోలేదు.

ఐదు నెలలు పట్టింది బొమ్మకు. మూర కంటే కాస్త తక్కువ పొడవు. టాపు మీది నిచ్చెన, పగిలిన దీపం, అద్దం మీద సగం చెరిగిన దేవుడి పేరు, అన్నీ చేశాను. ఆ డబ్బీలోని పెచ్చుల రంగు చూసి నా రంగులు కలుపుకున్నాను. తర్వాత పెచ్చులూ తుప్పూ కలిపి మెత్తగా నూరి, పాత పంచె గుడ్డలో వడగట్టి, చిన్న బస్సు వెనక తలుపు పక్కన వేలిగోరంత చోట ఆ పొడి అద్దాను. అద్దాక భూతద్దంలో చూసుకుని చాలాసేపు మురిసిపోయాను.

సంవత్సరీకం పులివెందులలో సుధీర్ ఇంట్లో జరిగింది. భోజనాలయ్యాక హాల్లో బల్ల మీద బొమ్మ పెట్టి గుడ్డ తీశారు. నారాయణరెడ్డి భార్య సుబ్బరత్నమ్మ వంగి డ్రైవరు సీటు చూసి, "ఆ కుషను చినుగు కూడా పెట్నాడు సూడు" అని కళ్లు తుడుచుకుంది. జనం ఒకరి భుజాల మీంచి ఒకరు చూస్తున్నారు. నేను పక్కన నిలబడి, నాదేముందండీ అన్నట్టు మొహం పెట్టి, అన్నీ వింటున్నాను.

అప్పుడు సుధీర్ ఒక ముసలామెను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. వెంట ఆమె మనవరాలు, డిగ్రీ చదివే అమ్మాయి, నౌషీన్.

"సారు, ఈమె ఖాజాబీ అత్త. మా దస్తగిరి మామ భార్య. మామ మా బస్సు క్లీనరు. నడిపింది మా నాయనే గానీ, నడిపిచ్చింది ఆయప్పే. ఎనక వాకిట్లో నిలబడి అరిచేత్తో రేకు మీద కొట్టేటోడు. ఒక దెబ్బ కొడితే నిలుపు, రెండు కొడితే పో. ఇరవై రెండేండ్లు మా నాయన అద్దంలో ఎనక్కి చూసిందే లేదు."

దస్తగిరి పోయి ఆరేళ్లయిందట. నాకు అప్పటికింకా ఏమీ వెలగలేదు. నవ్వుతూ దండం పెట్టాను.

నౌషీన్ బొమ్మ చుట్టూ తిరిగి ఒకచోట ఆగింది. "నానీ, తాత చెయ్యి పడే చోటు కూడా ఉంది. ఎనక వాకిలి పక్కన. అట్లనే, పచ్చ, పసుపు, ఎరుపు."

ఖాజాబీ చెయ్యి చాపింది. ఆ వేళ్లు బొమ్మకు జానెడు దూరంలో ఉండగా నేను గబుక్కున అడ్డం వచ్చి, "ముట్టుకోకండమ్మా, తుప్పు పొడి రాలిపోతుంది" అన్నాను.

ఆమె వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుని కొంగులో పెట్టుకుంది. "తప్పైంది సారు. కండ్లు కానరావు నాకు, చేత్తో చూస్చా. పాప చెప్తే ఇన్యాలే, సాలు" అంది. తర్వాత నా వైపు ముఖం తిప్పి, "రోజూ ఎక్కి దిగినోళ్లు కూడా ఆ చోటు చూసిండరు. మీరు చూసినారు. అల్లా మీ చేతులు సల్లగుంచల్ల" అంది.

నాకు అప్పుడు వెలిగింది. నేను గీకింది దస్తగిరి చెయ్యి పడ్డ చోటు.

ఆమె చెప్పుకుపోతోంది. కూతుర్ని పెద్దముడియంలో ఇచ్చారు. నెలకొకసారి జమ్మలమడుగు నుంచి పోతుంది. పోయేటప్పుడు చేను దగ్గర దిగి, ఆ చోట కాసేపు చెయ్యి పెట్టి, ఇంత కొబ్బరినూనె పూసి పోతుంది. "ఇనుము గదా సారు, ఊరికే ఇడ్సిపెడితే తుప్పు తినేస్తాది" అంది. కాలు జారి పడి ఐదారు నెలలు మంచాన ఉందట. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. వచ్చే శుక్రవారం పోవాలనుకుంటోంది.

దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. నేను థిన్నరుతో తుడిచిన జిడ్డు అదన్నమాట. సుధీర్ పక్కనే ఉన్నాడు, సుబ్బరత్నమ్మ ఉంది. ఒక్క మాట నోరు తెరిచి చెబితే అక్కడితో పోయేది. చెప్పలేదు. సుధీర్ శాలువా కప్పుతుంటే తల వంచి కప్పించుకున్నాను. తల వంచింది వినయంతో అనుకున్నారు వాళ్లు.

నాలుగు రోజులు అన్నం సయించలేదు. తప్పు ఒప్పుకోవాలన్న ఆలోచన ఒకసారి వస్తే, తప్పు కప్పిపెట్టే ఉపాయం పదిసార్లు వచ్చింది. కప్పిపెట్టే ఉపాయమే నా వృత్తి గదా. నా దగ్గర ఫోటోలు ఉన్నాయి, రంగులు ఉన్నాయి. ప్లాస్టిక్కు మీద చేసేది రేకు మీద చేయలేనా?

బుధవారం సెలవు పెట్టాను. వేదశ్రీకి కడపలో మీటింగని చెప్పాను. ప్రైమరు, రంగుల స్ప్రేలు, ఉప్పు, ఉప్పుకాగితం, లప్పం డబ్బా అన్నీ సంచిలో వేసుకుని ఆ చేను దగ్గరికి వెళ్లాను. నేను గీకిన చోట కొత్త తుప్పు పట్టి ఉంది, ఎర్రగా, పుండులాగా. చూడలేక వెంటనే పనిలో పడ్డాను.

రంగు పనిలో ముందు చేసేది ఎప్పుడూ ఒకటే, కింద చదును చేసుకోవడం. అక్కడ రేకు కాస్త లోపలికి పోయినట్టుంది. లప్పం పెట్టి నింపాను. గట్టిపడ్డాక ఉప్పుకాగితంతో రుద్ది, పలక మాదిరి నున్నగా చేశాను. ఆలోచించి చేసింది కాదు, ఇరవై ఏళ్ల అలవాటు. తర్వాత తుప్పు రంగు, ఎర్ర ప్రైమరు, పసుపు, పచ్చ, ఒక్కో పూతకూ నడుమ ఉప్పు. సాయంత్రం నాలుగు గంటలకు తడి గుడ్డతో రుద్దాను. ఫోను పక్కన పెట్టుకుని ఫోటోతో పోల్చుకున్నాను. గీత గీతకూ కలిసింది. ఆఖరికి కొబ్బరినూనె సీసా తీసి, ఆమె పూసినట్టే కాస్త పూశాను. జమ్మలమడుగులో కొన్నాను ఆ సీసాను, ఆమె వాడేది ఏ రకమో తెలియక వాసన చూసి మరీ.

చేయగలిగానన్న సంతోషంతో ఇంటికొచ్చాను. సిగ్గుపడవలసిన వాటన్నిటిలోకీ ఆ సంతోషమే నన్ను ఎక్కువ పీడిస్తుంది.

అక్కడితో ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. శుక్రవారం మధ్యాహ్నానికి సెలవు పెట్టి, సుధీర్ దగ్గర నంబరు తీసుకుని, నౌషీన్‌కు ఫోను చేశాను. కాలు బాగలేని మనిషికి బస్సు ఎందుకు, నా కారులో తీసుకెళ్తానన్నాను. మంచితనం అనుకున్నారు. చేసిన దొంగపని పాసవుతుంటే కళ్లారా చూడాలని నా ఆశ. కారులో ఖాజాబీ వెనక సీట్లో కూర్చుని దారి పొడుగునా నా పిల్లల కోసం దువా చేసింది.

బస్సు దగ్గర నౌషీన్ ముందు దిగి చూసింది. "రంగేం పోలేదు నానీ. అట్లనే ఉంది. నూనె జిడ్డు కూడా పోలేదు" అంది.

నేను ఊపిరి వదిలాను.

ఖాజాబీ చెప్పులు విడిచి, కర్ర మనవరాలికిచ్చి, రెండడుగులు వేసి అరచెయ్యి రేకు మీద పెట్టింది. పెట్టి ఊరుకోలేదు. చెయ్యి కాస్త పైకి జరిపింది, కిందికి జరిపింది. చీకట్లో తాళంచెవి వెతుక్కునే మనిషిలాగా అటూ ఇటూ తడిమింది.

"పాపా, ఇది మన బస్సేనా?"

"మన బస్సే నానీ."

"ఎనక వాకిలి పక్కన్నేనా నా చెయ్యి?"

"ఆ. సరిగ్గా చోటు మీదనే ఉంది."

"గుంత లేదే" అంది ఖాజాబీ.

"ఏం గుంత నానీ?"

"మీ తాత చెయ్యి గుంత. కొట్టి కొట్టి రేకు లోపలికి పోయిండ్లా. పెడితే నా చెయ్యి దాంట్లో కూచ్చుంటాది. నేను యాడికొచ్చేది దానికే గదా. రంగు ఉంటే నాకేంది, పోతే నాకేంది. అది నాకు కనపడ్తాదా?"

నౌషీన్ తనూ చెయ్యి పెట్టి చూసింది. చదునుగా ఉంది. ఎందుకుండదు, పలక మాదిరి చేశాను గదా.

ఖాజాబీ ఇంకా తడుముతూనే ఉంది. "ఐదారు నెల్లు రాకపోతి. నూనె పెట్టేటోళ్లు లేక తుప్పు పట్టి ఉబ్బిందేమో. నేను పడకుండా ఉండుంటే ఇట్లయ్యేదా. నాదే తప్పు" అంది.

ఆ మాట విని కూడా నోరు మూసుకుని ఉంటే నేను మనిషినే కాదు. "మీ తప్పు కాదమ్మా, నేనే" అన్నాను. గీకింది చెప్పాను, నూరింది చెప్పాను, మొన్న బుధవారం వచ్చి లప్పం పెట్టింది చెప్పాను. ఆమె నూనె పూసినట్టు నూనె పూసింది కూడా చెప్పాను. చెబుతుంటే ఎక్కడ చూడాలో తెలియక నా బూట్లే చూసుకున్నాను.

ముందు మాట్లాడింది నౌషీన్. "బొమ్మనేమో మా నానీని ముట్టుకోనియ్యలేదు మీరు. అసలుదాన్ని బ్లేడుతో గీకినారా సారు?"

ఆ అమ్మాయి తిట్టి ఉంటే బాగుండేది.

ఖాజాబీ రేకు మీద నుంచి చెయ్యి తీయకుండానే అడిగింది. "గీకేటప్పుడు గుంత చేతికి తగల్లేదా సారు?"

"తొడుగులు వేసుకున్నానమ్మా."

"లప్పం పెట్టేటప్పుడు?"

"అప్పుడూ వేసుకున్నాను. లోపలికి పోయిందని తెలిసింది. సొట్ట అనుకున్నాను."

"సొట్టే గదా" అంది ఆమె. తర్వాత, "తీస్తావా దాన్ని?" అంది. అంతవరకూ మీరు అన్న మనిషి అప్పుడు నువ్వు అంది. నాకు తగిందే అది.

కారులో ఉప్పుకాగితం ఉంది. తొడుగులు కూడా ఉన్నాయి, తీసుకోలేదు. నౌషీన్ ఆమెను బస్సు మెట్టు మీద కూర్చోబెట్టింది. నేను రుద్దడం మొదలుపెట్టాను. గీత గీతకూ కలిసిన నా రంగులు ముందు పోయాయి, పచ్చా పసుపూ ఎరుపూ కలిసి బూడిదరంగు పొడిగా నా బూట్ల మీద పడ్డాయి. తర్వాత తెల్లటి లప్పం. రాయిలాగా పట్టుకుంది. మంచి రకం కొన్నాను మరి. ఎండ నెత్తి మీద ఉంది. వేళ్ల చివర్లు పగిలి మండాయి.

"చేత్తో సూసుకుంటా తియ్యి" అంది ఖాజాబీ. "రేకు తగిల్తే నిలిపెయ్యి. ఎక్కవ గీకొద్దు."

గంటన్నర తర్వాత నా వేళ్లకు ముందు ఒక అంచు తగిలింది. అక్కణ్ణుంచి లోపలికి వాలు. అరచేతి మడమ పడే చోట లోతుగా, వేళ్ల వైపు పోయేకొద్దీ పలచగా, ఒక పక్కన ఉంగరం తగిలే చోట శనగబద్దంత చిన్న గుంత. అంతా బయటపడ్డాక, సరిగ్గా వచ్చిందో లేదో చూద్దామని నా చెయ్యి అందులో పెట్టాను. నాకంటే పెద్ద చెయ్యి. తెలియని వాళ్ల పక్క మీద కూర్చున్నట్టనిపించి వెంటనే తీసేశాను.

ఇన్ని బండ్లు చేశాను, ఇన్ని పెచ్చులు లేపాను. ఒక్క పెచ్చు మీదైనా చెయ్యి పెట్టి, ఇది ఎవరిదని అడగలేదు.

"అయిందమ్మా" అన్నాను.

ఆమె లేచి వచ్చి చెయ్యి పెట్టింది. నేను కాపీ కొడుతూ దొరికిన పిల్లవాడిలాగా పక్కన నిలబడ్డాను. ఆ అరచెయ్యి రేకులోకి దిగింది. కాసేపటికి ఒక వేలు పక్కకు జరిగి వెతికింది.

"ఉంగరం గుంతలో ఇంగా ఉంది" అంది.

నేను ముందుకు పోబోయాను. నౌషీన్ నా వైపు చెయ్యి అడ్డం పెట్టింది. పులివెందులలో బొమ్మకూ ఆమెకూ నడుమ నేను పెట్టినట్టే పెట్టింది.

ఖాజాబీ జడలోంచి పిన్ను తీసి, ఆ శనగబద్దంత గుంతలోని లప్పాన్ని కొంచెం కొంచెంగా తానే తవ్వుకుంది. కళ్లు కనిపించని మనిషికి ఒక్క గీతైనా పక్కకు పోలేదు. పొడి ఊదేసి, మళ్లీ చెయ్యి పెట్టింది. అదే చెయ్యా కాదా, మునుపటిలా ఉందా లేదా, ఆమె చెప్పలేదు. అడిగే ముఖం నాకు లేదు. సంచిలోంచి చిన్న నూనె సీసా తీసి, వేళ్లతో మెల్లగా పూసింది. నేను కొన్న రకం కాదు అది.

"మేము పెద్దముడియం బస్సుకు పోతాం సారు" అంది నౌషీన్.

"నేను దింపుతానమ్మా" అన్నాను. నౌషీన్ అప్పటికే ఆమె చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పెడుతోంది.

నేను అక్కడే నిలబడి ఉన్నానని ఖాజాబీకి తెలుసు. క్షమించమని అడగడానికి మాటలు కూడగట్టుకుంటున్నాను. ఆమె నా వైపు తిరగలేదు. అరచెయ్యి ఎత్తి, ఆ గుంత మీదనే, రేకు గట్టిగా మోగేలా రెండుసార్లు కొట్టింది.

రెండు దెబ్బలకు అర్థమేమిటో నాకు చెప్పే ఉన్నారు. నేను కారెక్కి వెళ్లిపోయాను.